గేర్ లింకేజ్‌లో రాడ్ ఎండ్లు, బుష్, ఈ-క్లిప్ మారుస్తున్నాను: ఏది ఎటు, ఎంత బిగించాలి?

దుమ్ముదారి

అందరికీ నమస్కారం. బండి గేర్ లివర్‌లో ప్లే బాగా పెరిగింది. కాలి వేళ్ళతో ఎత్తితే మొదట సెంటీమీటరు దాకా వట్టిగానే కదులుతోంది, ఆ తర్వాత గానీ గేరు మీద పట్టు దొరకడం లేదు. రెండు నుంచి మూడుకు వేసేటప్పుడు అప్పుడప్పుడు పూర్తిగా పడక, ఏ గేరూ పట్టని ఫాల్స్ న్యూట్రల్ వస్తోంది. క్లచ్ కేబుల్ సరిగానే ఉంది.

లింకేజ్ విప్పాను. లివర్ ఫుట్‌రెస్ట్ బ్రాకెట్‌కి ఉన్న 10 మి.మీ. పిన్ను మీద తిరుగుతుంది. లివర్ నుంచి ఒక రాడ్ పైకి పోయి, ఇంజన్‌లోంచి బయటికొచ్చిన గేర్ షాఫ్ట్ మీది చిన్న ఆర్మ్‌కి కలుస్తుంది. రాడ్‌కి రెండు చివరలా బాల్ ఉన్న రాడ్ ఎండ్లే, ఎం6 (6 మి.మీ. మర). కింది దాని రబ్బరు బూటు చినిగి లోపలికి మట్టి పోయింది, చేత్తో లాగితే టకటకమంటోంది. లివర్ బుష్ (పిన్ను చుట్టూ ఉండే లోహపు గొట్టం) కూడా అరిగింది, లివర్ పక్కలకు ఊగుతోంది. పిన్ను చివర గాడిలో కూర్చునే ఈ-క్లిప్ వంగి సగం బయటికొచ్చి ఉంది.

తెచ్చుకున్న సామాను ఇది: రాడ్ ఎండ్లు రెండు (ఒకటి మామూలు మర, ఒకటి రివర్స్ మర), లాక్ నట్లు రెండు, ఇత్తడి రంగు బుష్ ఒకటి, ఓ-రింగులు రెండు, ప్లెయిన్ వాషర్లు, వేవ్ వాషర్ (స్ప్రింగులా పనిచేసే అలల వాషర్) ఒకటి, ఈ-క్లిప్పులు రకరకాల సైజులవి.

సందేహాలు: రెండు లాక్ నట్లూ చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, ఏది ఏ వైపుదో ఎలా తెలుస్తుంది? రాడ్ ఎండ్ లోపలికి ఎంత మర ఎక్కాలి? బుష్ చేత్తో దూరడం లేదు, సుత్తితో కొట్టవచ్చా? వాషర్లు ఏ వరసలో? థ్రెడ్ లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

---

ఎడమమర

రాడ్ సంగతి నేను చెప్తాను, బుష్ గురించి వెర్నియర్ గారు నాకంటే బాగా చెప్తారు.

కొత్తవి ఎక్కించేముందు ఒక పరీక్ష చేసుకోండి. రాడ్ ఎలాగూ విప్పి ఉంది కాబట్టి, ఇంజన్ షాఫ్ట్ మీది ఆర్మ్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ కదిపి వదలండి. వదిలిన వెంటనే గట్టిగా వెనక్కొచ్చి మధ్యలో నిలబడాలి. అలా వస్తే లోపలి రిటర్న్ స్ప్రింగ్ బాగానే ఉన్నట్టు, మీ తిప్పలన్నీ బయటి సామానులోనే ఉన్నట్టు. మెత్తగా వచ్చినా, మధ్యలో నిలవకపోయినా బయట ఎన్ని కొత్త ముక్కలు వేసినా లాభం లేదు. ఆర్మ్‌ని షాఫ్ట్‌తో పోల్చి కూడా చూడండి. షాఫ్ట్ కదలకుండా ఆర్మ్ ఒక్కటే కాస్త కదిలితే రెంటినీ పట్టి ఉంచే పళ్ళు అరిగినట్టు. దాని లెక్క వేరే.

ప్లే ఎంత పెద్దదవుతుందో చూడండి. లివర్ పివట్ నుంచి కాలి పెగ్ దాకా 120 మి.మీ., పివట్ నుంచి రాడ్ తగులుకునే చోటికి 40 మి.మీ. అనుకుందాం. అంటే రాడ్ దగ్గర ఉన్న ఖాళీ కాలి దగ్గర మూడింతలవుతుంది. ఒక్కో రాడ్ ఎండ్‌లో అర మి.మీ. లూజుంటే రెండూ కలిసి 1 మి.మీ., కాలి దగ్గర 3 మి.మీ. షాఫ్ట్ పళ్ళ దగ్గరైతే ఇంకా ఘోరం. 12 మి.మీ. షాఫ్ట్ అంచు మీద 0.1 మి.మీ. ఖాళీ, 40 మి.మీ. ఆర్మ్ చివర 0.67 అవుతుంది, కాలి దగ్గర 2 మి.మీ. అవుతుంది. మీకు సెంటీమీటరు దాకా వస్తోందంటే ఒక్క రాడ్ ఎండ్ వల్ల కాదు, మూడు నాలుగు చోట్ల కలిసి వచ్చింది. అందుకే అన్నీ చూడమంటున్నాను.

ఇక మరలు. నట్టు అంచుల మీద చిన్న గాడి గానీ, చుట్టూ ఒక గీత గానీ ఉంటే అది సాధారణంగా రివర్స్ మర నట్టు. అన్ని నట్ల మీదా ఆ గుర్తు ఉండదు. అప్పుడు రాడ్‌ని నిలువుగా పట్టుకుని చూడండి. మర గీతలు ఎడమ కింది నుంచి కుడి పైకి ఎక్కుతుంటే మామూలు మర. కుడి కింది నుంచి ఎడమ పైకి ఎక్కుతుంటే రివర్స్. రాడ్‌ని తలకిందులు చేసినా ఆ వాలు మారదు కాబట్టి పొరపడే వీలు లేదు. నట్టుని వేళ్ళతో మాత్రమే ఎక్కించండి. రెండు చుట్లు వేళ్ళతో హాయిగా తిరగాలి. పానా పెట్టాల్సి వచ్చిందంటే తప్పు నట్టన్నా అయ్యుండాలి, పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం) వేరన్నా అయ్యుండాలి. ఎం6 మామూలుగా 1 మి.మీ. పిచ్, అంటే 10 మి.మీ. పొడవులో పది మరలు. 0.75 పిచ్‌వి కూడా దొరుకుతాయి, ఒకటిన్నర చుట్టు దాకా ఎక్కి అక్కడ పట్టేస్తాయి. బలవంతం చేస్తే రాడ్ మర పోతుంది.

లోపలికి ఎంత ఎక్కాలంటే, ఎం6కి కనీసం 6 మి.మీ., 9 ఉంటే నిశ్చింత. బిగించాక లోపల ఎంతుందో కనబడదు కదా, అందుకని ముందే కొలుచుకోవాలి. వెర్నియర్ కాలిపర్ తోకతో రాడ్ ఎండ్ రంధ్రం లోతు చూసుకోండి. రాడ్ కొస నుంచి 9 మి.మీ. దగ్గర మార్కర్‌తో చుట్టూ గీత గీయండి, రెండు వైపులా. సెట్టింగ్ అంతా అయ్యాక రెండు గీతలూ రాడ్ ఎండ్ లోపలికి మాయమై ఉండాలి. గీత బయట కనబడుతోందంటే ఆ వైపు పట్టు తక్కువ. ఒకవైపు రెండు చుట్లు ముందే పట్టి, రెండోది ఆలస్యంగా పడితే ఇలా అవుతుంది. విప్పేసి, రెండూ ఒకేసారి పట్టేలా మళ్ళీ మొదలుపెట్టండి.

పాత రాడ్ పొడవు కొలిచారా? కొలవకపోతే, పాత ఎండ్లు ఇంకా రాడ్ మీదే ఉంటే ఇప్పుడే కొలవండి. బాల్ మధ్య నుంచి బాల్ మధ్యకు కొలవడం కష్టం. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి రెండో రంధ్రం ఎడమ అంచుకు కొలిస్తే అదే లెక్క వస్తుంది. కొత్తవి వేశాక ముందు ఆ కొలతకే పెట్టండి. రెండు వైపులా వ్యతిరేక మరలు కాబట్టి రాడ్‌ని ఒక చుట్టు తిప్పితే పొడవు 2 మి.మీ. మారుతుంది, పై లెక్కన కాలి దగ్గర 6 మి.మీ. పావు చుట్టు అంటే 1.5 మి.మీ. దాని కంటే పెద్ద అడుగు వేయకండి.

చాలామంది పట్టించుకోనిది లాక్ నట్లు బిగించే పద్ధతి. నట్టు బిగిస్తుంటే దాంతోపాటు రాడ్ ఎండ్ కూడా తిరిగిపోతుంది, బాల్ ఒక పక్కకు ఒరిగి అక్కడ ఇరుక్కుంటుంది. ఇలా రెండు ఎండ్లూ రెండు వైపులకు ఒరిగి బిగుసుకుంటే లివర్ బరువుగా తిరుగుతుంది, బాల్ అంచు రోజూ హౌసింగ్‌కి ఒరుసుకుంటుంది, కొత్త ఎండ్ కూడా త్వరగా పోతుంది. కాబట్టి ఒక పానా రాడ్ ఎండ్ చదును మీద, ఒకటి నట్టు మీద పెట్టి బిగించండి. రెండూ బిగించాక రాడ్‌ని వేళ్ళతో పట్టి దాని అక్షం మీద అటూ ఇటూ తిప్పి చూడండి. రెండు వైపులా దాదాపు సమానంగా, కొద్దిగా తిరగాలి. అసలు తిరగకపోయినా, ఒకవైపే తిరిగినా ఒక నట్టు వదులు చేసి ఆ ఎండ్‌ని నిటారుగా పెట్టి మళ్ళీ బిగించండి.

రాడ్ ఎండ్ లాక్ నట్లకు థ్రెడ్ లాకర్ అక్కర్లేదు, బిగింపే సరిపోతుంది. బాల్ స్టడ్ (బాల్‌కి ఉన్న మర కాడ) లివర్‌లోకి, ఆర్మ్‌లోకి ఎక్కే మర మీద మాత్రం నీలం రకం ఒక చుక్క వేయవచ్చు, మర కొస దగ్గర, స్టడ్‌ని తలకిందులుగా పట్టుకుని. ఎక్కువ వేస్తే అది పాకి బాల్ లోకి దిగుతుంది, ఆ జాయింట్ ఇక పనికిరాదు. మరల మీద పాత నూనె ఉంటే తుడవకుండా వేసినా పట్టదు.

మీ రాడ్ ఎండ్ బోల్టుతో బిగించే రకమైతే, బయటి వైపు బోల్టు తల కింద రాడ్ ఎండ్ హౌసింగ్ లోపలి వ్యాసం కంటే పెద్ద వాషర్ ఒకటి వేయండి. బాల్ పూర్తిగా అరిగి ఊడినా రాడ్ జారిపోకుండా ఆ వాషర్ ఆపుతుంది. చిన్న ముక్కే, తప్పక వేయండి.

---

వెర్నియర్

సుత్తి వద్దండి. ఇత్తడి రంగు బుష్ అంటే చాలావరకు నూనె పీల్చిన కంచు బుష్. దెబ్బ కొడితే అంచు ముడుచుకుంటుంది, లోపలి వ్యాసం తగ్గిపోతుంది, తర్వాత పిన్ను దూరదు. ఒక పొడవాటి ఎం8 బోల్టు, నట్టు, రెండు మందపాటి వాషర్లు, బుష్ కంటే కాస్త పెద్ద సాకెట్ ఒకటి ఉంటే చాలు. పాత బుష్ మీదికి దానికంటే కొంచెం చిన్న వాషర్, ఆవలి వైపు సాకెట్ పెట్టి నట్టు బిగిస్తూ పోతే పాతది సాకెట్‌లోకి దిగుతుంది. కొత్తదాన్ని అదే బోల్టుతో లోపలికి లాగండి. మొదటి రెండు మి.మీ. నిటారుగా ఎక్కుతోందా లేదా అన్నదే ముఖ్యం. వంకరగా పట్టిందనిపిస్తే ఆపి వెనక్కి తీయండి.

దానికి ముందు లివర్ రంధ్రం చూడండి. లివర్‌కి పౌడర్ కోటింగ్ గానీ రంగు గానీ వేసి ఉంటే రంధ్రంలోకి కూడా పడి ఉంటుంది. దాన్ని గీకేయకుండా బుష్ తొక్కితే ఆ పొర మందం మొత్తం బుష్ మీద పడి లోపలి వ్యాసం బిగుసుకుంటుంది. రంధ్రం అంచుకు చిన్న చామ్‌ఫర్ (వాలు) లేకపోతే ఆకురాయితో తేలిగ్గా తీయండి.

ఎక్కించాక ఎలాగూ లోపలి వ్యాసం మి.మీ.లో రెండు మూడు వందో వంతులు తగ్గుతుంది. 10 మి.మీ. పిన్నుకు 0.05 మి.మీ. దాకా ఖాళీ బాగుంటుంది. బిగుతుగా ఉంటే రీమర్ (రంధ్రాన్ని సన్నగా చెక్కి పెంచే పనిముట్టు) వేయండి. ఉప్పుకాగితంతో రుద్దకండి, కంచులోని సన్నటి రంధ్రాలు పూడిపోయి నూనె ఊరడం ఆగిపోతుంది, పైగా గరుకు రేణువులు అందులోనే ఇరుక్కుని పిన్నుని తినేస్తాయి. పెట్రోల్‌లోనో థిన్నర్‌లోనో ముంచి కడగడం కూడా వద్దు, అందులో ఉన్న నూనే పోతుంది. పొడి గుడ్డతో తుడిచి ఇంజనాయిల్ రెండు చుక్కలు వేస్తే చాలు. ఓ-రింగులు పెట్రోల్‌కి ఉబ్బుతాయి, వాటినీ దూరంగా ఉంచండి.

పిన్నుని తప్పకుండా కొలవండి. బుష్ తగలని కొస దగ్గర ఒకసారి, బుష్ తిరిగిన మధ్య భాగంలో రెండు దిక్కులుగా ఒకసారి. తేడా 0.1 మి.మీ. దాటితే పిన్ను కూడా మార్చాలి. పిన్ను చుట్టూ సమానంగా అరగదు, ఎందుకంటే కాలు తోసేది పైకీ కిందికీ మాత్రమే. అరిగిన పిన్ను మీద కొత్త బుష్ వేస్తే ప్లే సగం అలాగే మిగులుతుంది, పైగా కొత్త బుష్ కూడా కోడిగుడ్డు ఆకారంలో అరగడం మొదలవుతుంది. బుష్ పొడవు 20 మి.మీ. అనుకుంటే, 0.2 మి.మీ. ఖాళీకే లివర్ కొస పక్కలకు అటొక మి.మీ. పైన, ఇటొక మి.మీ. పైన ఊగుతుంది.

వాషర్ల వరస బ్రాకెట్ వైపు నుంచి: ప్లెయిన్ వాషర్, ఓ-రింగ్, లివర్, ఓ-రింగ్, వేవ్ వాషర్, ప్లెయిన్ వాషర్, ఈ-క్లిప్. మీ బండి మాన్యువల్‌లో వేరేలా ఉంటే అదే నిజం. ఒక్క విషయం మాత్రం ఎక్కడైనా ఒకటే. వేవ్ వాషర్‌కీ క్లిప్‌కీ మధ్య ప్లెయిన్ వాషర్ ఉండి తీరాలి. లేకపోతే వేవ్ వాషర్ ఎత్తు భాగాలు క్లిప్పుని ఒక చెవి దగ్గరే నెట్టుతూ ఉంటాయి. మీ పాత క్లిప్ సగం బయటికి రావడానికి కారణం ఇదే అయ్యుండవచ్చు, తీసినప్పుడు అక్కడ ఏముందో గుర్తు చేసుకోండి.

ప్లే తగ్గాలని అదనంగా వాషర్లు పేర్చడం కూడా మంచిది కాదు. గాడి కొంచెం వాషర్ కిందికి పోతుంది, క్లిప్పు బలవంతంగా కూర్చుంటుంది, ఎప్పుడో ఒకప్పుడు ఎగిరిపోతుంది. ఓ-రింగులకు పల్చగా గ్రీజు రాసి, అన్నీ పేర్చి, వేళ్ళతో నొక్కితే గాడి పూర్తిగా బయట కనబడాలి. వదిలితే వేవ్ వాషర్ లివర్‌ని బ్రాకెట్ వైపు నెట్టి ఉంచాలి. వేవ్ వాషర్ లేకుండా ఒకసారి లివర్ తగిలించి చూడండి, తన బరువుకు తానే కిందికి వాలిపోవాలి. ఎక్కడైనా ఆగిందంటే బుష్ ఇంకా బిగుతే.

ఈ ప్రశ్న చూసేవాళ్ళలో కొందరికి పిన్ను బదులు షోల్డర్ బోల్టు (మర కంటే లావుగా నున్నటి మెడ, అంటే షోల్డర్, ఉన్న బోల్టు) ఉంటుంది. అక్కడ షోల్డర్ పొడవు, లివర్ వాషర్ల మొత్తం మందం కంటే 0.1 నుంచి 0.2 మి.మీ. ఎక్కువ ఉండాలి. తక్కువుంటే బోల్టు బిగించగానే లివర్ కూడా బిగుసుకుంటుంది. అప్పుడు బోల్టు వదులు చేసి నడపడం జనం చేసే పని. అది దారిలో ఊడిపోతుంది. వాషర్ పల్చనిది వేయాలి గానీ బోల్టు వదిలేయకూడదు.

---

గ్రీజుగన్

క్లిప్పుల గురించి ఒక్క మాట. ఈ-క్లిప్ సైజు చెప్పేది పిన్ను వ్యాసాన్ని కాదు, గాడి అడుగు వ్యాసాన్ని. మీ పిన్ను 10 మి.మీ. అన్నారు, గాడి అడుగున వెర్నియర్ పెట్టి చూడండి. 8 ఉంటే 8 నంబరు క్లిప్, 7 ఉంటే 7 నంబరు. 10 నంబరు తీసుకుని పెడితే వదులుగా వేలాడుతుంది. 8 నంబరు క్లిప్పు మందం 1 మి.మీ., గాడి వెడల్పు దానికంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువ.

సరిగా పడితే టక్కుమని చప్పుడొస్తుంది, వేలితో నెట్టితే గాడిలో తిరుగుతుంది గానీ అటూ ఇటూ ఊగదు. చప్పుడు లేకుండా మెత్తగా జారిందంటే అది సాగిపోయిన క్లిప్, పారేయండి. పాతది వంగి ఉందన్నారు కాబట్టి గాడి పై అంచు గోరుతో తడిమి చూడండి. అంచు పదునుగా నిటారుగా ఉండాలి. గుండ్రంగా అరిగిపోతే ఎంత మంచి క్లిప్ వేసినా నిలవదు, పిన్ను మార్చుకోవాల్సిందే. క్లిప్ నోరు కాలికి ఎదురుగా కాకుండా అవతలి వైపు పెట్టండి. ఎక్కించేటప్పుడు మీద ఒక గుడ్డ కప్పండి, ఎగిరితే కంటికే తగులుతుంది.

ఈ-క్లిప్ బదులు ప్లయర్‌తో తెరిచే సర్క్లిప్ ఉన్న బళ్ళకు: అచ్చుకొట్టిన సర్క్లిప్‌కి ఒక పక్క అంచు గుండ్రం, ఒక పక్క పదును. గుండ్రటి పక్క వాషర్ వైపు, పదును పక్క బయటికి. తోపు తగిలినప్పుడు పదును అంచు గాడి గోడను గట్టిగా పట్టుకుంటుంది.

గ్రీజు అన్నిచోట్లా పూయకండి. బూటు ఉన్న ఉక్కు బాల్ జాయింట్‌లో నిండా లిథియం గ్రీజు పెట్టవచ్చు. లోపల తెల్లగా, నున్నగా టెఫ్లాన్ పొర ఉన్న రాడ్ ఎండ్‌కి మాత్రం పొడిగానే ఉంచండి. అది గ్రీజు లేకుండా తిరిగేందుకే చేసింది. గ్రీజు పూస్తే పక్కనున్న చైన్ నుంచి ఎగిరే మట్టినంతా అంటించుకుని ఆ పొరనే గీకేస్తుంది.

---

దుమ్ముదారి

చాలా థాంక్సండీ అందరికీ. చెప్పినట్టు చూశాను. ఆర్మ్ వదిలితే గట్టిగా వెనక్కొస్తోంది, కాబట్టి లోపల బాగానే ఉందనుకుంటా. పిన్ను మధ్యలో 0.15 మి.మీ. అరిగింది, పిన్ను కూడా మారుస్తున్నాను. గాడి 8 మి.మీ.

ఇంకో రెండు కనబడ్డాయి. ఒకటి, షాఫ్ట్ మీది ఆర్మ్‌కి బోల్టుతో బిగించే చీలిక పూర్తిగా మూసుకుపోయి ఉంది, రెండు పెదవులూ ఒకదానికొకటి తగులుతున్నాయి. బోల్టు గట్టిగానే ఉంది, అయినా షాఫ్ట్ మీద ఆర్మ్ కొద్దిగా కదులుతోంది. చీలికని ఆకురాయితో కాస్త వెడల్పు చేస్తే పట్టుకుంటుందని ఒకరన్నారు, వెల్డింగ్ పెట్టించమని ఇంకొకరన్నారు. రెండోది, షాఫ్ట్ సీల్ (ఇంజన్ నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు వలయం) దగ్గర నూనె చెమ్మ ఉంది.

ఆర్మ్ ఏ కోణంలో పెట్టాలన్నది కూడా చెప్పండి.

---

ఎడమమర

వెల్డింగ్ ఒప్పుకోకండి, ఎవరు చెప్పినా సరే. ఆ వేడికి పక్కనే ఉన్న సీల్ కాలిపోతుంది. ఆ తర్వాత ఫ్రంట్ స్ప్రాకెట్ మార్చాలన్నా, సీల్ మార్చాలన్నా ఆర్మ్ రాదు, కోయాల్సిందే. చివరికి ఖరీదైన షాఫ్ట్‌నే బలి ఇస్తారు.

చీలిక మూసుకుందంటే అర్థం, ఇక బోల్టు ఎంత బిగించినా ఆ బిగింపు పెదవుల మధ్యే ఆగిపోతుంది, షాఫ్ట్ దాకా చేరదు. బాగున్న ఆర్మ్‌లో బోల్టు పూర్తిగా బిగించాక కూడా చీలికలో సన్నటి ఖాళీ కనబడాలి. ఆకురాయితో గీస్తే కొన్నాళ్ళు పట్టుకుంటుంది, కానీ లోపల అరిగిన పళ్ళు షాఫ్ట్ పళ్ళ కొసల మీదే ఆనుతాయి, అలా నడిపితే షాఫ్ట్ పళ్ళూ పోతాయి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఇంటికి చేరడానికి అది చాలు. ఇప్పుడు ఎలాగూ బండి విప్పి ఉంది, ఆర్మ్ కొత్తది వేయండి. మామూలుగా షాఫ్ట్ కంటే ఆర్మే మెత్తని లోహం, ముందు అరిగేది అదే. షాఫ్ట్ పళ్ళని ఇత్తడి బ్రష్‌తో శుభ్రం చేసి వెలుగులో చూడండి. పళ్ళ కొసలు చదునుగా, వరసగా ఉంటే షాఫ్ట్ బాగున్నట్టే. ఒక పక్క పళ్ళు మాత్రం సూదిగా మారి ఉంటే షాఫ్ట్ కూడా తగ్గింది.

ఆర్మ్ తీసేటప్పుడు బోల్టు వదులు చేయడం చాలదు, పూర్తిగా బయటికి తీయాలి. చాలా బళ్ళలో ఆ బోల్టు షాఫ్ట్ మీది గాడిలోంచి పోతుంది, అందుకే ఆర్మ్ ఊడదు. బోల్టు తీశాక చీలికలో చదును స్క్రూడ్రైవర్ పెట్టి కొద్దిగా తెరిస్తే చేత్తో వచ్చేస్తుంది. కొత్తది కూడా అలాగే తెరిచి ఎక్కించండి. షాఫ్ట్ కొస మీద సుత్తి దెబ్బ అస్సలు వద్దు. షాఫ్ట్ లోపలికి జరిగితే ఆవలి క్లచ్ వైపు వాషర్, స్ప్రింగ్, గేరు పట్టే పంజా స్థానం తప్పుతాయి. అప్పుడు క్లచ్ కవర్ విప్పాలి.

చీలికని బిగించే ఎం6 పించ్ బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది, మీ మాన్యువల్‌లో ఉన్న అంకె ముందు. బోల్టు కొత్తదే వేయండి. పాతది సాగి ఉంటుంది, మూసుకున్న చీలిక మీద ఎవరో పానాకి పైపు తొడిగి బిగించి ఉంటారు. ఇక్కడ నీలం థ్రెడ్ లాకర్ వేయండి. ఆర్మ్ అల్యూమినియందైతే, లోపలి మర పోయి ఉంటే 6.3 మి.మీ. డ్రిల్ వేసి స్ప్రింగ్ ఇన్సర్ట్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) పెట్టించవచ్చు గానీ, పళ్ళు కూడా పోయిన ఆర్మ్‌కి ఆ శ్రమ దండగ.

కోణం: లివర్‌ని ముట్టుకోకుండా వదిలినప్పుడు రాడ్‌కీ ఆర్మ్‌కీ మధ్య 90 డిగ్రీలు ఉండాలి. అప్పుడే పైకి వేసినా కిందికి వేసినా ఒకే బలం, ఒకే దూరం. కోణం బాగా వాలితే ఒక దిక్కుకు గేరు తేలిగ్గా పడుతుంది, రెండో దిక్కుకు షాఫ్ట్ పూర్తిగా తిరగకముందే లివర్ కదలిక అయిపోతుంది. మీ ఫాల్స్ న్యూట్రల్‌లో దీని వంతు కూడా ఉండి ఉండవచ్చు.

ఈ పనికి వరస ముఖ్యం. ముందు ఆర్మ్‌ని సరైన పన్ను మీద ఎక్కించి 90కి దగ్గరగా తెచ్చుకోవాలి, ఆ తర్వాతే రాడ్ పొడవుతో లివర్ ఎత్తు సరిచూసుకోవాలి. తిరగేసి చేయకండి. లెక్కకు షాఫ్ట్ మీద 36 పళ్ళున్నాయనుకోండి, ఒక పన్ను జరిపితే 10 డిగ్రీలు. 40 మి.మీ. ఆర్మ్ కొస 7 మి.మీ. కదులుతుంది, కాలి దగ్గర 2 సెంటీమీటర్లు. అంత పెద్ద దూరాన్ని రాడ్‌తో లాగాలంటే మూడున్నర చుట్లు తిప్పాలి, ఒక్కో ఎండ్‌లో మూడున్నర మి.మీ. మర బయటికొచ్చేస్తుంది. 9 మి.మీ. పట్టు కాస్తా ఐదున్నర అవుతుంది. ఇందాక చెప్పిన మార్కర్ గీత అప్పుడే పనికొస్తుంది. కొన్ని బళ్ళలో షాఫ్ట్ కొస మీదా ఆర్మ్ మీదా చుక్క గుర్తులుంటాయి. రెండూ ఎదురెదురుగా పెడితే కంపెనీ కోణం వస్తుంది.

---

వెర్నియర్

సీల్ గురించి. ముందు ఆ చెమ్మ ఇంజనాయిలా, చైన్ లూబ్ ఎగిరి పడిందా అన్నది తేల్చుకోండి. శుభ్రంగా తుడిచి, ఇంజన్ వేడెక్కే దాకా నడిపి చూడండి. సీల్ పెదవి చుట్టూ మళ్ళీ సన్నటి వలయంలా తడి వస్తే సీల్ పోయినట్టే.

మార్చేముందు మీ ఇంజన్‌లో ఆ సీల్ బయటి నుంచి వచ్చేదేనా అని మాన్యువల్‌లో చూడండి. కొన్నిట్లో చుట్టూ కాలర్ ఉండి, కేస్ విప్పితే తప్ప రాదు. బయటి నుంచి వచ్చేదైతే సీల్ ముఖం మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడు అంకెలు అచ్చయి ఉంటాయి, వాటి ప్రకారమే కొత్తది. వంకీ కొస ఉన్న పనిముట్టుతో లాగండి, కొస సీల్ రబ్బరుని పట్టాలి గానీ షాఫ్ట్‌నీ, కేస్ రంధ్రాన్నీ తాకకూడదు. షాఫ్ట్ మీద ఒక్క గీత పడినా కొత్త సీల్ కూడా కారుతుంది. పాతది ఎంత లోతులో ఉందో తీయకముందే కొలవండి. బండిని నూనె కారే వైపుకు ఎదురుగా వాల్చి పెట్టుకుంటే ఆయిల్ మొత్తం దింపక్కర్లేకుండానే పని అవుతుంది.

కొత్త సీల్ ఎక్కించేటప్పుడు షాఫ్ట్ పళ్ళ మీద పల్చటి టేపు ఒక చుట్టు చుట్టండి. ఇది వదిలేస్తే పళ్ళు సీల్ పెదవిని ఎక్కేటప్పుడే కోసేస్తాయి, కళ్ళకు కనబడని ఆ కోతతోనే రెండో రోజుకి మళ్ళీ చెమ్మ మొదలవుతుంది. పెదవికి గ్రీజు రాసి, టేపు మీదుగా జరిపి, సీల్ బయటి అంచు అంత సాకెట్‌తో సమంగా నెట్టి పాత లోతుకే ఆపండి. టేపు తీయడం మరచిపోకండి.

సీల్ ఊరికే పోదు. బండి ఎడమ పక్కకు పడినప్పుడు లివర్ మీద పడ్డ దెబ్బ రాడ్ గుండా షాఫ్ట్‌కి చేరి అది వంగవచ్చు. ఆర్మ్ ఎక్కించకముందు షాఫ్ట్ కొసని పైకీ కిందికీ తిప్పుతూ, సీల్‌కీ షాఫ్ట్‌కీ మధ్య చూడండి. కొస ఒకే చోట తిరగాలి, విల్లులా ఊగితే షాఫ్ట్ వంగినట్టు. వంగిన షాఫ్ట్ మీద ఎన్ని సీళ్ళు వేసినా నిలవవు.

---

గ్రీజుగన్

అంతా బిగించాక చూసుకునే పద్ధతి ఇది. బండిని స్టాండ్ మీద, ఇంజన్ ఆపి, వెనక చక్రం గాల్లో. ఒక చేత్తో చక్రం తిప్పుతూ ఇంకో చేత్తో లివర్ కదుపుతూ న్యూట్రల్ నుంచి పై గేరు దాకా వెళ్ళి, ఒక్కొక్కటే కిందికి రండి. చక్రం తిప్పకుండా నొక్కితే గేరు పళ్ళు ఎదురెదురుగా ఆగి పడవు. లింకేజ్ తప్పేమో అనుకుని కాలితో తన్నకండి, కొత్త రాడ్ ఎండ్‌కే దెబ్బ. ప్రతి గేరుకీ లివర్ వదిలితే మధ్యకు రావాలి. ఏ గేరులోనైనా సగంలో నిలబడితే పివట్ దగ్గర బిగుతో, రాడ్ ఎండ్లు ఒరిగి బిగుసుకోవడమో కారణం, లివర్ తన బరువుకు వాలే పరీక్ష, రాడ్‌ని అక్షం మీద తిప్పి చూసే పరీక్ష మళ్ళీ చేయండి.

లివర్‌ని పైకీ కిందికీ చివరిదాకా నొక్కి పట్టి, రాడ్ చుట్టూ ఒక కాగితం ముక్క జరిపి చూడండి. స్ప్రాకెట్ కవర్, ఫ్రేము, సైడ్ స్టాండు వేటికీ రాడ్ గానీ బోల్టు కొస గానీ తగలకూడదు. కొత్త బోల్టు పాతదానికంటే రెండు మి.మీ. పొడవుంటే చాలు, చైన్ వైపు పొడుచుకుపోతుంది.

50 నుంచి 100 కి.మీ. మధ్యలో ఒకసారి లాక్ నట్లూ పించ్ బోల్టూ పానా పెట్టి చూడండి. దానికోసం బిగించిన రోజే నట్టు మీదుగా రాడ్ దాకా పెయింట్ మార్కర్‌తో ఒక అడ్డగీత గీసి ఉంచండి. గీత తెగితే ఆ నట్టు జరిగినట్టు, రాడ్ ఎండ్‌ని మళ్ళీ నిటారుగా పట్టుకుని బిగించండి.